జలగలున్న చెరువులో చేపలు

ప్రశ్న: మాస్టారూ, మాది గుణుపురం పక్క పల్లె. ఊరి చెరువు లీజుకి తీసుకుని రోహు, కట్ల పెంచుతున్నాం. వానలు పడ్డాక వల లాగడానికి దిగితే చాలు, కాళ్లనిండా జలగలే. మైలుతుత్తం జల్లేద్దామంటున్నాడు మా బావ. సంతలో ఒకావిడ 'జలగల చెరువు చేప మాకొద్దు' అని వెళ్లిపోయింది. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా

జవాబు: ముందు మీ బావగారి చేతిలోంచి ఆ సంచీ లాక్కోండి నాయనా. మైలుతుత్తం నాచునీ నత్తల్నీ చంపుతుంది, మోతాదు మించితే చేపపిల్లల్నీ వదలదు. చచ్చిన నాచు కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లారేసరికి చేపలు నోళ్లు తెరుచుకుని పైకి వస్తాయి. బురదలోనూ రాళ్ల కిందా దాక్కున్న జలగలేమో మళ్లీ పెరుగుతాయి.

మీరొక ముక్క రాయలేదు: చెరువులో గేదెలు దిగుతాయా? దిగుతాయనే నా అనుమానం. మన చెరువుల్లో మనిషిని పట్టేది చాలావరకు పశువుల జలగే. ఒకసారి కడుపునిండా రక్తం తాగిందంటే నెలల తరబడి తిండి లేకుండా ఉండగలదు. రోజూ గేదెలు దొరికే చోట దానికేం కొదవ? అందుకే గేదెల రేవుని ఒక మూలకి మార్చండి. వల లాగే గట్టు వెంబడి గుర్రపుడెక్క, తుంగ పీకించండి. జలగలుండేది ఆ ఒడ్డునే, లోతు నీళ్లలో తక్కువ. దిగేటప్పుడు ప్యాంటు అంచుల మీదికి పొడుగు సాక్సులు లాక్కోండి.

పట్టిన జలగకి ఉప్పు, సున్నం, బీడీ నిప్పు పెట్టడం మనవాళ్లకి అలవాటు. అలా చేస్తే అది కడుపులోది గాయంలోకి కక్కొచ్చు. దాని పేగుల్లో ఏరోమోనాస్ అనే బాక్టీరియా ఉంటుంది, పుండు పడితే మీకే కష్టం. సన్నగా ఉండే కొసనే నోరుంటుంది. దాని పక్కన చర్మానికి గోరు ఆనించి తోసేయండి, తర్వాత రెండో కొసని. రక్తం గంటలకొద్దీ కారినా టెన్షన్ పడకండి. జలగ లాలాజలంలో హిరుడిన్ అనే పదార్థం రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. 1884లో జాన్ హేక్రాఫ్ట్ అనే శాస్త్రవేత్త ఈ సంగతి బయటపెట్టాడు. సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో నొక్కిపట్టండి. రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవాళ్లని మాత్రం వల దగ్గరికి పంపకండి. పిల్లలెవరూ చెరువు నీళ్లు దోసిట పట్టి తాగకుండా చూడండి, చిన్న జలగ ముక్కులోకి, గొంతులోకి పోయే ప్రమాదముంది.

ఇక సంతలో ఆవిడ సంగతి. చేపల మీద బతికే జలగలు వేరే రకం. మొప్పల్లోనో రెక్కల మొదట్లోనో సన్నగా అంటుకుని కనిపిస్తాయి. అవి మరీ ఎక్కువైతే చేప నీరసించి ఎదగదు, అప్పుడు మత్స్యశాఖవారికి చూపించండి. అంతేగానీ చేప మాంసానికి ఏమీ కాదు. తీసేసి, కడిగి, బాగా ఉడికించి తినొచ్చు. ఈసారి ఆవిడ వస్తే మొప్పలెత్తి చూపించండి. ఎర్రగా, శుభ్రంగా కనిపిస్తే కొంటుంది; బేరం మాత్రం ఆడక మానదు.