1991: నేను చదువుకోవడానికి వెళ్ళిన దేశం లేకుండా పోయిన ఏడాది

ప్రపంచం తలకిందులైనట్టు మీకు అనిపించిన సంవత్సరం ఏది అని అడిగారు. నాకు 1991. ఆ ఏడాదంతా నేను అప్పటి సోవియట్ యూనియన్ రాజధాని మాస్కోలో వైద్యం చదువుతున్నాను.

అప్పుడు జరిగినవన్నీ చెప్పబోను. గల్ఫ్ యుద్ధం, పినటుబో అగ్నిపర్వతం, యుగోస్లావియా చీలిక మాకు హాస్టల్ టీవీలో వార్తలు మాత్రమే. మే 21న శ్రీపెరుంబుదూరులో రాజీవ్ గాంధీని హత్య చేశారన్న వార్త మాత్రం మమ్మల్ని కుదిపేసింది. భారతీయ విద్యార్థులందరం ఒకే గదిలో చేరి చాలాసేపు మాట లేకుండా కూర్చున్నాం. నెల తిరిగేసరికి పి.వి. నరసింహారావు ప్రధాని అయ్యారని అదే గదిలో తెలుగువాళ్ళం టీ కాచుకుని సంబరపడ్డాం.

అయితే 1991 అనగానే ముందు గుర్తొచ్చేది నోట్ల గొడవ. జనవరి 22 రాత్రి 9 గంటల వార్తల్లో పిడుగులాంటి ప్రకటన వచ్చింది. పాత 50, 100 రూబుళ్ళ నోట్లు ఇక చెల్లవట, మార్చుకోవడానికి మూడు రోజులే గడువట. మా హాస్టల్ గుమ్మం దగ్గర కాపలా ఉండే ముసలావిడను అందరం బాబుష్కా అని, అంటే మామ్మా అని పిలిచేవాళ్ళం. తన అంత్యక్రియల ఖర్చుకు ఎవరి దగ్గరా చేయి చాచకూడదని ఆవిడ ఏళ్ళ తరబడి దాచుకున్నది ఆ నోట్లే. గడ్డకట్టే చలిలో రెండు రోజులు వరసలో నిలబడి, కొంత మార్చుకుని వచ్చింది. పరిమితికి మించింది కాగితమైపోయింది. ఏప్రిల్ 2న రొట్టె, పాలు, మాంసం ధరలు ప్రభుత్వమే పెంచేసింది. ఆగస్టులో ట్యాంకులను చూడకముందే ఆ ప్రభుత్వం మీద జనానికి నమ్మకం ఎంతగా పోయిందో ఆవిడ ముఖంలో చూశాను.

ఆగస్టు 19, సోమవారం. సెలవులు. టిక్కెట్టుకు డబ్బులేక నేను హాస్టల్లోనే ఉండిపోయాను. పొద్దున్నే టీవీ పెడితే బాలే నృత్యం, మధ్యమధ్య గంభీరమైన ప్రకటనలు. సోవియట్ అధ్యక్షుడు గోర్బచెవ్‌కు ఆరోగ్యం బాగాలేదని, అత్యవసర కమిటీ అధికారం తీసుకుందని వాటి సారం. నిజానికి ఆయనను క్రిమియాలోని విశ్రాంతి గృహంలో నిర్బంధించారు. సాయంత్రం విలేఖరుల ముందు కూర్చున్న ఉపాధ్యక్షుడు యనాయెవ్ చేతులు వణకడం దేశమంతా చూసింది. అంతకుముందే, సోవియట్ యూనియన్‌లో భాగమైన రష్యా అధ్యక్షుడు యెల్త్సిన్ ఆ కుట్రను ఎదిరిస్తూ ట్యాంకు ఎక్కి మాట్లాడారు.

బయటికి వెళ్ళొద్దన్నా 20వ తేదీ మధ్యాహ్నం వెళ్ళాను. రష్యా పార్లమెంటు భవనం చుట్టూ జనం ఇనుప గొట్టాలు, ట్రాలీ బస్సులు అడ్డం పెడుతున్నారు. మా అమ్మ వయసు స్త్రీలు ట్యాంకు మీది కుర్రవాళ్ళకు రొట్టెలు అందిస్తూనే, "మమ్మల్ని కాల్చడానికేనా నాయనా వచ్చింది?" అని నిలదీస్తున్నారు. ఆ కుర్రవాళ్ళకు నా వయసే ఉంటుంది, తలలు దించుకున్నారు. ఆ రాత్రి వాన పడింది. తెల్లవారకముందే ముగ్గురు యువకులు చనిపోయారు. 21కల్లా కుట్ర కూలిపోయింది. వారం లోపలే లుబ్యాంకా కూడలిలో రహస్య పోలీసు వ్యవస్థాపకుడు జెర్జిన్‌స్కీ విగ్రహం పీఠం మీద లేదు.

డిసెంబరు 25 సాయంత్రం గోర్బచెవ్ రాజీనామా ప్రసంగం టీవీ గదిలో విన్నాం. క్రెమ్లిన్ మీద సోవియట్ ఎర్రజెండా దిగింది, రష్యా మూడు రంగుల జెండా ఎగిరింది. మహా అయితే ఇరవై మందిమి ఉన్నాం. చప్పట్లూ లేవు, ఏడుపులూ లేవు. బాబుష్కా నా వైపు తిరిగి అడిగింది: "బాబూ, ఇక నా పింఛను ఎవరిస్తారు?" నా దగ్గర జవాబు లేదు.

మర్నాడు అనాటమీ తరగతి మామూలుగానే జరిగింది. ప్రొఫెసర్ నా మార్కుల పుస్తకంలో సంతకం చేశారు. దాని మీద సోవియట్ ముద్ర అలాగే ఉంది. అదే పుస్తకంతో చివరి పరీక్ష దాకా చదివాను. ఇప్పటికీ నా బీరువాలో ఉంది.