ఆదిలాబాద్ కొండల నడుమ పరిశ్రమల పట్టణాలు ఎట్లా పుట్టాయి?

ఒక్క ముక్కలో చెప్పాలంటే రైలు, బొగ్గు, వెదురు, గోదావరి నీళ్లు. ఇందులో రైలుదే పెద్ద పాత్ర అని నేను గట్టిగా నమ్ముతాను. 1929లో కాజీపేట–బల్లార్షా లైను పూర్తయ్యాకే అడవి లోపలి సరుకు బయటి ప్రపంచానికి చేరింది. వరంగల్ నుంచి ఆ లైను మీద పోతుంటే ఆ పట్టణాలన్నీ దాదాపు వరసగా కిటికీలోంచే కనిపిస్తాయి.

బెల్లంపల్లిని నిలబెట్టింది బొగ్గుబాయి. నైజాం కాలంలో మొదలైన సింగరేణి ఇక్కడికి విస్తరించడంతో ఊరు పట్టణమైంది. సైరన్ మోతను బట్టి పొయ్యి వెలిగించుకునే ఇళ్లు, ఆరేసిన తెల్లచొక్కా మీద సాయంత్రానికి వాలే సన్నటి నల్లపొడి, బాయి ఊళ్లలో పెరిగినవాళ్లకు ఇవి చెప్పక్కర్లేదు.

కాగజ్‌నగర్‌ది ఇంకో కథ. కాగజ్ అంటేనే కాగితం. ఒకప్పుడు కొత్తపేట అని పిలిచే ఊరికి మిల్లే పేరు పెట్టింది. 1938లో ఏర్పడిన సిర్పూర్ పేపర్ మిల్లుకు చుట్టూ ఉన్న వెదురు అడవే ముడిసరుకు. 2014లో మిల్లు మూతపడితే బజారు మొత్తం దిగాలుపడింది. 2018లో మళ్లీ తెరుచుకుంది.

మంచిర్యాలకు సిమెంటు, రామగుండానికి కరెంటు. అక్కడ ఎన్టీపీసీ తొలి యూనిట్ 1983లో మొదలైంది, పక్కనే బొగ్గు, పక్కనే గోదావరి ఉండబట్టే.

వీటన్నిటికంటే పాతది నిర్మల్. పరిశ్రమ అనే మాట వినపడకముందే అక్కడ ఫిరంగులు పోతపోసేవాళ్లు.