కయాక్ కొనేముందు ఒకసారి ఎత్తి చూడు

ప్రశ్న: అన్నా, మాది నర్సంపేట. ఉద్యోగం మీద పెన్సిల్వేనియాకు వచ్చి ఏడాది కావస్తోంది. చిన్నప్పటి నుంచి గాలం పిచ్చి. ఇక్కడి చిన్న చెరువుల్లో చేపలు పట్టడానికి ఒక కయాక్, అదే తెడ్డుతో నడిపే సన్నటి చిన్న పడవ, కొందామని ఉంది. ఉండేది అపార్ట్‌మెంట్ రెండో అంతస్తులో, కారేమో చిన్న సెడాన్. కాళ్ళతో తొక్కి నడిపే పెడల్ కయాక్ బాగుంటుందని ఆఫీసులో అంటున్నారు. ఎండాకాలంలో మా బాపు వస్తాడు, ఇద్దరు కూర్చునేది తీసుకోమంటావా?

జవాబు: తమ్ముడూ, పాకాల చెరువు నీళ్ళు చూసి పెరిగినవాడికి గాలం సంగతి హన్మకొండవాణ్ణి నేనేం చెప్తాను! కయాక్ వరకు చెప్తా.

రెండో అంతస్తు, చిన్న సెడాన్ అన్నావు. ఏది కొనాలో ఆ రెండే తేల్చేస్తాయి. షాపుకు పోయినవాళ్ళు కుర్చీ ఎంత మెత్తగా ఉంది, గాలం కర్రలు పెట్టే హోల్డర్లు ఎన్ని, నీళ్ళలో చేపల జాడ చూపే ఫిష్ ఫైండర్‌కు జాగా ఉందా అని చూస్తారు. బరువు ఎంతో ఇంటికొచ్చాక తెలుస్తుంది. మన దగ్గర చేపలు పట్టే ముదిరాజ్ అన్నలు థర్మాకోల్ తెప్పను భుజాన వేసుకుని ఒక్కరే కట్ట దిగుతారు కదా. ఇంకొకరి సాయం కోసం చూడాల్సిన పని లేదు కాబట్టే అది రోజూ నీళ్ళలోకి దిగుతుంది. నీ కయాక్ కూడా అట్లాంటిదే కావాలి. పార్కింగ్ నుంచి నీటి దాకా ఒక్కడివే మోయలేకపోతే నెల తిరక్కముందే బాల్కనీలో మూలకు పడుతుంది.

పెడల్ కయాక్‌లు చాలావరకు 35 కిలోల పైనే, కుర్చీ, పెడల్ యూనిట్ కలిస్తే ఇంకా ఎక్కువ. ధర కూడా వెయ్యి డాలర్లు దాటుతుంది. పెద్ద సరస్సులో దూరం పోవాలంటే, రెండు చేతులూ గాలానికే వదిలెయ్యాలంటే దానికి సాటి లేదు, ఒప్పుకుంటా. కానీ చిన్న చెరువుల్లో ఒడ్డు పక్కన నాచు, తామరాకు ఉంటాయి, చేప కూడా అక్కడే ఉంటుంది. పెడల్ కింద తిరిగే రెక్కలకు ఆ నాచే చుట్టుకుంటుంది. తెడ్డుతో నడిచేది చాలు నీకు.

అందులో రెండు రకాలు. లోపల కాళ్ళు చాపి కూర్చునేది సిట్ ఇన్‌సైడ్. 9, 10 అడుగులది 18 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది, మోయడం సులువు. బోల్తా పడితే మాత్రం నిండా నీళ్ళే, నడి చెరువులో దాన్ని తోడి మళ్ళీ ఎక్కడం కష్టం. పైన కూర్చునేది సిట్ ఆన్ టాప్. 10 అడుగులది 22 నుంచి 27 కిలోలు. దానికి అడుగు నుంచి పైకి ఆరపార రంధ్రాలుంటాయి, పైన పడ్డ నీళ్ళు వాటిలోంచి దిగిపోతాయి. తిరగబడితే మళ్ళీ తిప్పి, ఎక్కి కూర్చోవచ్చు. గాలం వేసేవాడు పక్కలకు వంగుతాడు, చేప పడితే లేచినంత పని చేస్తాడు కాబట్టి నేనైతే సిట్ ఆన్ టాపే అంటా. 31 నుంచి 34 అంగుళాల వెడల్పు ఉంటే కుదురుగా నిలబడుతుంది. పొడవు పెరిగితే వేగంగా, తిన్నగా పోతుంది, కానీ చెరువులో వేగంతో నీకేం పని?

కయాక్ మోయగల బరువు 300 పౌండ్లు అని రాసి ఉంటే, అందులో 70 శాతమే నీదనుకో. అంటే 95 కిలోలు, నీ ఒంటి బరువు, సామాను, ఐస్ డబ్బా, తడిసిన బట్టలతో కలిపి. తెడ్డు 240 సెంటీమీటర్లది తీసుకో, పొట్టిదైతే వెడల్పు పడవ మీద మోచేతులు కొట్టుకుంటాయి.

కింద స్టోరేజ్ గది అద్దెకు దొరికితే నేను చెప్పింది కొను. దొరక్కపోతే, మందపాటి పీవీసీతో చేసిన, వేరువేరు గాలి అరలున్న గాలి నింపే కయాక్ కొను, బొమ్మల దుకాణం సరుకు వద్దు. అది డిక్కీలో పడుతుంది. గాలి వీస్తే పక్కకు కొట్టుకుపోతుంది కాబట్టి కింద బిగించే చిన్న రెక్క తప్పనిసరి. తడి మీద మడత పెడితే బూజు పడుతుంది.

ఇక బాపు సంగతి. కొన్ని వారాల కోసం ఇద్దరు కూర్చునేది కొని మిగతా ఏడాదంతా ఆ బరువు ఒక్కడివే మోస్తావా? చాలా స్టేట్ పార్కుల్లో అద్దెకు దొరుకుతుంది, ఒక పూట తీసుకో. అయినా బాపులకు ఒడ్డున కుర్చీ వేసి గాలం చేతికిస్తేనే ఖుషీ. వాళ్ళకు కొద్దిరోజుల టూరిస్ట్ లైసెన్స్ అమ్ముతారు, అది లేకుండా గాలం ముట్టనీయకు.

నీకూ లైసెన్స్ కావాలి, 16 ఏళ్ళు దాటిన ఎవరికైనా కావాలి. ట్రౌట్ అనే చేప పట్టాలంటే అదనంగా పర్మిట్. స్టేట్ పార్కు చెరువుల్లో, చేపల వేట, పడవల సంగతి చూసే రాష్ట్ర సంస్థ ఫిష్ అండ్ బోట్ కమిషన్ రేవుల్లో కయాక్ దింపడానికి లాంచ్ పర్మిట్ వేరే. పక్కన ఒహాయోలో అయితే కయాక్‌కు కూడా రిజిస్ట్రేషనే. కాలనీలో ఇళ్ళ వెనక కనిపించే వాననీటి కుంటల్లో ఊరికే దిగకు, చాలాచోట్ల పడవలు నిషేధం. వీసా మీదున్నవాళ్ళకు జరిమానా కాగితాల టెన్షన్ ఎందుకు?

లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం నేను మొండివాణ్ణి. మనవాళ్ళు చాలామంది వ్యవసాయ బావుల్లో ఈత నేర్చినవాళ్ళే, నాకెందుకు జాకెట్ అంటారు. ఆ బావి నీళ్ళు మన ఎండకు కాగినవి. ఇక్కడ ఏప్రిల్‌లో బయట ఎండ హాయిగా ఉంటుంది, చెరువు నీళ్ళు మాత్రం ఇంకా చలికాలంలోనే ఉంటాయి. అందులో పడగానే ఒళ్ళు ఝల్లుమని ఊపిరి దానంతట అదే లోపలికి లాగుతుంది, ఆ క్షణాన నోరు నీళ్ళలో ఉంటే నీ ఈత ఎందుకూ పనికిరాదు. కాసేపటికి చేతులు కూడా మొద్దుబారతాయి. నవంబర్ 1 నుంచి ఏప్రిల్ 30 వరకు కయాక్‌లో జాకెట్ తొడుక్కోవాలని ఈ రాష్ట్రంలో చట్టమే ఉంది. మిగతా నెలల్లో పడవలో ఉంటే చాలంటారు కానీ ఒంటి మీద లేని జాకెట్ ఉండీ లేనట్టే. మెడకు ఒక విజిల్ కూడా కట్టుకో. జూలైలో మొదటిసారి దిగినప్పుడు ఒడ్డు దగ్గరే కావాలని బోల్తా కొట్టి ఎక్కడం నేర్చుకో.

ఒక గమ్మత్తు కూడా చెప్పాలి. మన తెలంగాణ రాష్ట్ర చేప కొర్రమీను చుట్టాలు ఇక్కడ నేరస్తులు! వాటిని స్నేక్‌హెడ్ అంటారు, బయటి నుంచి వచ్చి ఇక్కడి చేపల్ని తినేస్తాయని భయం. 2002లో మేరీల్యాండ్‌లోని క్రాఫ్టన్ దగ్గర ఒక చెరువులో కనిపిస్తే ఆ చెరువుకే మందు కొట్టి చంపారు. ఫిలడెల్ఫియాలో కూడా ఉన్నాయి. నీ గాలానికి పడితే మురిసిపోయి బకెట్‌లో బతికుండగా ఇంటికి తేకు, నేరమవుతుంది. మళ్ళీ నీళ్ళలోకీ వదలకు. అక్కడే చంపి తెచ్చుకుంటే పులుసుకు అడ్డు చెప్పేవాళ్ళు లేరు.

కొనడానికి సెప్టెంబర్ దాకా ఆగగలిగితే పాతవి అగ్గువకు వస్తాయి. తిరగేసి కుర్చీ కింది భాగం, రంధ్రాల అంచులు, ఈడ్చి ఈడ్చి అరిగిన వెనక కొస చూడు. ఆ ప్లాస్టిక్‌కు మామూలు జిగురు అతకదు, పగులు కనిపిస్తే ఎంత తగ్గించినా వదిలెయ్. అమ్మేవాడి ముందే ఒక్కడివే ఎత్తి, నీ కారు దాకా నడిచి చూడు.