మావాడు చెడింది వాళ్లింటి వల్లేనా?

ప్రశ్న: మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. 18 ఏళ్లుగా హ్యూస్టన్‌లో ఉంటున్నాను. మావారు మెక్సికన్ అమెరికన్, ఇక్కడే టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో పుట్టి పెరిగారు. మా బాబుకి 15 ఏళ్లు. మూడు వారాల కిందట వాడి జీన్స్ ఉతకబోతే జేబులో పచ్చటి పెన్నులాంటిది దొరికింది. హైలైటర్ అనుకుని మూత తీయబోతే గుప్పున మామిడిపండు వాసన. అది వేప్ అట, అంటే ఎలక్ట్రానిక్ సిగరెట్. 20 ఏళ్ల మా బావగారి అబ్బాయి ఇచ్చాడట. అడిగితే ‘అందరూ చేస్తున్నదేగా’ అన్నాడు. మావారు రోజూ నాలుగైదు సిగరెట్లు కాలుస్తారు. ఆదివారమైతే అందరం అత్తగారింట్లో చేరతాం. మగవాళ్లు పెరట్లో గ్రిల్ చుట్టూ నిలబడి మాంసం కాలుస్తూ ఒకటే సిగరెట్ల పొగ. మెక్సికోలోని మోంటెర్రే నుంచి రెండేళ్ల కిందట వచ్చిన మా అత్తగారి చెల్లెలి మనవడు కూడా మావాడి ఈడువాడే, అక్కడే ఉంటాడు, దాని జోలికి పోడు. మావాడికేమొచ్చింది? ఇక ఆ ఇంటికి వాణ్ణి పంపనని చెప్పేశాను. ‘మీ నాయనమ్మ చుట్ట కాల్చలేదా’ అని మావారు ఎదురు తిరిగారు. బాబు నాతో మాట్లాడటం మానేశాడు. ఒక ఏడాది విశాఖపట్నంలో మా అన్నయ్య దగ్గరికి పంపేద్దామనుకుంటున్నాను. మంచిదేనా?
— ఒక తల్లి

జవాబు: అమ్మా, పంపకండి. ఆదివారాలు కూడా ఆపకండి. ఎందుకో చెప్తాను. ఆ వేప్ కంటే, వాడు మీతో మూడు వారాలుగా మాట్లాడకపోవడమే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది.

మోంటెర్రే నుంచి వచ్చిన అబ్బాయి గురించి మీరు పనిలో పనిగా ఒక మాట రాసి వదిలేశారు. నేను అక్కడే ఆగిపోయాను. అదే పెరడు, అదే గ్రిల్, అదే పొగ, అదే వయసు. తప్పు ఆ ఇంటిదే అయితే ముందు వాడికే అంటాలి కదా! ఇది మీ ఒక్క ఇంట్లో జరిగింది కాదు. అమెరికాలో లాటినో పిల్లల (మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్ల) మీద ఏళ్ల తరబడి చేసిన అధ్యయనాల్లో మళ్లీ మళ్లీ కనిపించిన సంగతే. బయటి దేశంలో పుట్టి ఇక్కడికి వచ్చిన పిల్లల్లో పొగ అలవాటు తక్కువ. ఇక్కడే పుట్టిన పిల్లల్లో, ఇక్కడ పుట్టినవాళ్లకు పుట్టిన పిల్లల్లో ఎక్కువ. ఆడపిల్లల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు ఉంటుంది. అంటే మీ అత్తగారి వైపునుంచి వచ్చిన పద్ధతుల్లో పిల్లల్ని కాపాడేది ఏదో ఉంది. తరం మారేకొద్దీ అది పలచబడుతోంది.

ఏమిటది? ‘ఫమిలిస్మో’ అని వాళ్లకొక మాట ఉంది. నా మంచిచెడ్డలు నా ఒక్కడివే కాదు, మా ఇంటందరివీ అనే భావం. పెద్దల ముందు అణకువగా ఉండటాన్ని ‘రెస్పేతో’ అంటారు. కొత్తగా వచ్చిన పిల్లాడు ఎక్కడ తిరుగుతున్నాడో, ఎవరితో తిరుగుతున్నాడో ఇంట్లో ఎవరో ఒకరికి తెలుస్తూనే ఉంటుంది. అమ్మమ్మ ఒక్కసారి కళ్లెర్రజేస్తే చాలు. ఇక్కడ పుట్టిన పిల్లలకు మాట ఇంగ్లిష్ అయిపోతుంది, స్నేహాలు బయట పెరుగుతాయి, నాయనమ్మతో సగం సగం మాటలే మిగులుతాయి. ఇంకొన్ని ఇళ్లల్లో తల్లిదండ్రులకు ఉత్తరాలు చదివి పెట్టేది, ఆసుపత్రిలో డాక్టరు మాట అర్థం చెప్పేది పిల్లలే. అలాంటి చోట పెద్దరికం చేతులు మారిపోతుంది.

మీవాడు ఇంకో మెట్టు అవతల ఉన్నాడు. స్పానిష్ ఎంత వచ్చో, శ్రీకాకుళంలో ఉన్న అమ్మమ్మతో ఫోన్లో ‘బాగున్నావా, తిన్నావా’ దాటి ఎంత మాట్లాడగలడో మీకే తెలియాలి. స్కూల్లో వాడిని ఏమని పిలుస్తున్నారో ఎప్పుడైనా అడిగారా? దక్షిణ కాలిఫోర్నియా హైస్కూళ్లలో లాటినో పిల్లల్ని గమనించినప్పుడు, తమను చులకనగా చూస్తున్నారని అనుకునే పిల్లలే పొగ వైపు ఎక్కువగా మొగ్గారు. మీవాడికి అలాంటిదేమైనా జరిగిందని నేననను. అడగాల్సిన ప్రశ్న మాత్రం ఇది. అడగాలంటే ముందు మాటలుండాలి.

మీ నాయనమ్మగారి సంగతి కూడా చెప్పుకుందాం, మీవారు ఎత్తిపొడిచారని బాధపడకుండా. ఉత్తరాంధ్ర తీరంలో ఆడవాళ్లు అడ్డచుట్ట కాల్చడం, నిప్పున్న కొస నోట్లో పెట్టుకోవడం మనకు తెలిసిందే. దానివల్ల అంగిట్లో వచ్చే క్యాన్సర్ల మీద విశాఖ డాక్టర్లు దశాబ్దాల కిందటే పరిశోధించారు. అటువైపు వేలెత్తితే ఇటువైపూ లేస్తుంది. కానీ ఆ చుట్ట మీ దాకా రాలేదు చూడండి. ఇంట్లో ఉన్న అలవాటు ఇంట్లోనే ఆగిపోవచ్చు. మీవారితో ఈ వాదన ఇక్కడితో వదిలేయండి.

ఎందుకంటే ఇప్పుడు అసలు పని ఆయన చేతిలోనే ఉంది. తరాల సంగతి ఎలా ఉన్నా, ఇంట్లో తండ్రో అన్నో కాలుస్తుంటే పిల్లలు మొదలుపెట్టే అవకాశం పెరుగుతుంది. తండ్రి మానేస్తే తగ్గుతుంది. తాను ఏ వయసులో మొదలుపెట్టారో, ఎన్నిసార్లు మానబోయి ఓడిపోయారో ఆయన నోటితోనే వాడికి చెప్పాలి. పెద్దయ్యాక రోజూ కాల్చేవాళ్లలో నూటికి దాదాపు 90 మంది 18 ఏళ్లలోపే మొదటిది ముట్టించినవాళ్లని 2012లో అమెరికా సర్జన్ జనరల్ (ప్రజారోగ్యం మీద ప్రభుత్వం తరఫున మాట్లాడే పెద్ద డాక్టరు) నివేదిక చెప్పింది. ఆయనా వాళ్లలో ఒకరే కావచ్చు. మానడానికి ఒక తేదీ పెట్టుకుని కొడుకు ముందే, పొగ మానడానికి సాయం చేసే 1-800-784-8669కి ఫోన్ చేయమనండి. స్పానిష్‌లో కావాలంటే 1-855-335-3569. రెండూ ఉచితమే.

బావగారి అబ్బాయితో కూడా మీరు కాదు, మీవారే మాట్లాడాలి. టెక్సస్‌లో 2019 సెప్టెంబరు నుంచి, దేశమంతటా ఆ డిసెంబరు నుంచి 21 నిండనివాళ్లకు ఇవి అమ్మకూడదు. అంటే ఆ 20 ఏళ్ల అబ్బాయికి కూడా ఎవరో అమ్మకూడనిది అమ్మారు. ‘అందరూ చేస్తున్నదే’ అన్న మాట కూడా నిజం కాదు. 2019లో హైస్కూలు పిల్లల్లో నూటికి 27 మందికి పైగా వేప్ పీల్చేవాళ్లు. 2024 సర్వేలో 8 మంది లోపే. ఇది వాడికి చెప్పండి, ఓడించడానికి కాదు, ఊరట కోసం.

మీరు మాట్లాడాల్సింది కారులో. ఎదురెదురు కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. ‘ఆ రోజు అరిచాను, భయమేసింది నాన్నా’ అని మొదలుపెట్టి ఊరుకోండి. మౌనం ఎంతసేపైనా ఉండనివ్వండి. తర్వాత ఒకే ఒక్కటి అడగండి: పొద్దున లేచిన ఎంతసేపటికి అది కావాలనిపిస్తుంది? లేచీ లేవగానే అంటే నికోటిన్ బాగా పట్టుకుందని అర్థం. అప్పుడు వెంటనే పిల్లల డాక్టర్‌కి చూపించాలి. మానడానికి ఒంటికి అంటించుకునే నికోటిన్ ప్యాచ్‌లకు 18 ఏళ్లలోపు వాళ్ల విషయంలో ప్రభుత్వ అనుమతి లేదు, అవసరాన్నిబట్టి డాక్టరే ఇస్తారు. మీరు షాపులో కొనితెచ్చి అంటించకండి. మానిన మొదటి మూడు రోజులూ చాలా కష్టంగా ఉంటుంది. రెండు మూడు వారాలు చిరాకు, నిద్రపట్టకపోవడం, చదువు మీద ధ్యాస లేకపోవడం మామూలే. అది పొగరు అనుకుని మళ్లీ గొడవపడకండి. 13 నుంచి 24 ఏళ్లవాళ్ల కోసం ఉచిత మెసేజ్ సాయం ఒకటుంది. 88709కి ‘డిచ్‌వేప్’ (DITCHVAPE) అని ఇంగ్లిష్‌లో కలిపి రాసి పంపితే చాలు. తల్లికి చెప్పలేనివి అక్కడ చెప్పుకుంటాడు. స్కూల్లో దొరికితే ఏం చేస్తారో ఆ స్కూలు నియమాలు కూడా ముందే చూసుకోండి, టెక్సస్‌లో ఈ విషయంలో కఠినంగానే ఉన్నారు.

విశాఖ పంపితే ఏమవుతుంది? ఇండియాలో 2019 నుంచి వేప్‌ల మీద నిషేధం ఉన్న మాట నిజమే. కానీ కిళ్లీకొట్టు ప్రతి వీధి చివరా ఉంది. పైగా వాడికి అక్కడ భాష రాదు, స్నేహితులు లేరు, తల్లిదండ్రులు లేరు. వాడిని కాపాడే పట్టు ఏదైతే ఉందో దాన్ని మన చేత్తో మనమే తెంపినట్టవుతుంది.

మీ అత్తగారికి చెప్పాలా వద్దా అన్నది ముందు బాబునే అడగండి, వాడికి తెలియకుండా చెప్పొద్దు. చెప్పినా చెప్పకపోయినా ఆవిడతో ఒక మాట అనిపించండి: పిల్లలున్న చోట, గ్రిల్ దగ్గర, ఎవరూ ముట్టించకూడదు, కావాలంటే వీధిలోకి పోవాలి అని. కొడుకులు ఎంత పెద్దవాళ్లైనా ఆవిడ మాట కాదనరు. మీరంటే కోడలి సాధింపు, ఆవిడంటే ఆ ఇంటి కట్టుబాటు. వచ్చే ఆదివారం కాస్త ముందుగా వెళ్లి, మగవాళ్లు గ్రిల్ వెలిగించకముందే వంటింట్లో ఆవిడ పక్కన నిలబడి ఈ సాయం అడగండి.