కార్డులు వచ్చినా గిటార్‌పై అప్పటికప్పుడు సొంతంగా వాయించలేకపోతున్నాను, ఏం చేయాలి?

హనుమకొండలో ఉంటూ సినిమా పాటలకు కార్డులు (కొన్ని స్వరాలను కలిపి ఒకేసారి మోగించేవి) బాగానే వాయిస్తున్నా, సొంతంగా వాయించబోతే స్కేలు (స్వరాల వరుస) పైకీ కిందికీ తిరగడమే అవుతోందని మీరు రాశారు. దీనికి మరిన్ని స్కేళ్లు నేర్చుకోవడం మందు కాదని నా అభిప్రాయం.

అయిదో ఫ్రెట్ (గిటార్ మెడపై లోహపు గీతల మధ్య గడి) దగ్గరి ఏ (A) మైనర్ పెంటాటోనిక్ స్కేలులో ఏ, సి, డి, ఇ, జి అనే అయిదు స్వరాలుంటాయి (కర్ణాటక సంగీతంలో ఇది శుద్ధ ధన్యాసి, ఇవే స్వరాలకు సి షడ్జమమైతే మోహనం). వీటిలో సన్నని రెండు తీగలపై 5, 8 ఫ్రెట్లలో దొరికే ఇ, జి, ఏ, సి లతోనే మొదలుపెట్టండి. ముందు ఒక చిన్న పలుకును (కొన్ని స్వరాల ముక్కను) నోటితో పాడి, తర్వాత దాన్నే తీగపై వెతికి పట్టుకోవాలి. వేళ్లకు అలవాటైన దారిని చెవి అదుపు చేసేది అప్పుడే.

బతుకమ్మ పాటలో ఒకరు పంక్తి అందుకుంటే తక్కినవారు ‘ఉయ్యాలో’ అని పలికినట్లే, మీ పలుకు తర్వాత అంతే నిడివి ఖాళీ వదిలి, ఆ తాళం తప్పకుండా దానికి జవాబుగా మరో పలుకు వాయించండి. కొత్తవారు ఎక్కువగా విస్మరించేది ఈ ఖాళీనే.

పలుకు ఏ స్వరంపై ఆగుతుందన్నది కార్డును బట్టి ఉంటుంది: వెనుక ఏ మైనర్ మోగుతుంటే ఏ, సి, ఇ లలో ఒకదానిపై, జి మేజర్‌కు మారితే జి పై ఆగితే వినసొంపుగా ఉంటుంది. ఈ రెండు కార్డులను ఫోన్‌లో నెమ్మదిగా రికార్డు చేసుకుని, వాటిపైనే సాధన చేయండి.