ఒకే ఆర్డర్‌కు రెండు బిల్లులు పడుతుంటే

ఆర్డర్ల సిస్టమ్ నుంచి బిల్లింగ్‌కు ఏపీఐ (రెండు సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకునే మార్గం) ద్వారా ఆర్డర్లు పంపుతున్నామని, టైమౌట్ వచ్చి మళ్ళీ పంపితే ఒక్కోసారి రెండు బిల్లులు పడుతున్నాయని రాశారు. టెన్షన్ పడకండి. ఇంటిగ్రేషన్ నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి సమస్య దొరకదు.

టైమౌట్ వచ్చిందంటే పని జరగలేదని కాదు, జవాబు మనకు చేరలేదని మాత్రమే. అవతల బిల్లు తయారైపోయి ఉండొచ్చు. అందుకే మళ్ళీ పంపడంలో తప్పు లేదు. అది రెండోసారి వచ్చిందని బిల్లింగ్ గుర్తుపట్టలేకపోతోంది, అసలు చిక్కు అక్కడుంది. ప్రతి ఆర్డర్‌కూ ఒక కీ (ఆ ఆర్డర్‌కే ప్రత్యేకమైన గుర్తింపు) మీ వైపే తయారుచేసి, ఎన్నిసార్లు పంపినా అదే పంపండి. బిల్లుల టేబుల్‌లో ఆ కీ ఉండే కాలమ్‌కు యూనిక్ కన్‌స్ట్రెయింట్ (ఒకే విలువ రెండోసారి చేరకుండా ఆపే నియమం) పెట్టించండి. 'ముందు ఉందో లేదో చూసి ఇన్సర్ట్ చేద్దాం' అనే కోడ్‌ను మాత్రం నమ్మకండి. రెండు రిక్వెస్టులు ఒకేసారి వస్తే రెండింటికీ 'లేదు' అనే కనిపించొచ్చు. అదే కీ మళ్ళీ వస్తే ఎర్రర్ కాకుండా పాత బిల్లు నంబరే తిరిగి ఇవ్వాలి.

ఇది కుదిరాకే క్యూ (మెసేజ్‌లను వరుసలో ఉంచి అవతలి సిస్టమ్‌కు అందించేది) గురించి ఆలోచించండి. మీ అవసరానికి భారీ డేటా ప్రవాహాలకు వాడే కాఫ్కా అక్కర్లేదని నా అభిప్రాయం, రాబిట్‌ఎంక్యూ అనే క్యూ సాఫ్ట్‌వేర్ సరిపోతుంది. బిల్లు డేటాబేస్‌లో కమిట్ అయ్యాకే (శాశ్వతంగా సేవ్ అయ్యాకే) మెసేజ్‌ను ఎక్‌నాలెడ్జ్ చేయండి, అంటే పని పూర్తయిందని క్యూకు చెప్పండి. ముందే చేస్తే, మధ్యలో సర్వర్ పడిపోయినప్పుడు ఆ ఆర్డర్ మాయమవుతుంది. క్యూలోనూ ఒకే మెసేజ్ రెండుసార్లు రావచ్చు కాబట్టి పై కీ అప్పుడూ కావాల్సిందే.

నేర్చుకోవడానికి మీ లాప్‌టాప్‌లోనే డాకర్‌లో (ప్రోగ్రామ్‌లను విడివిడిగా నడిపే సాధనం) ఆర్డర్లకు, బిల్లింగ్‌కు రెండు చిన్న సర్వీసులు నడిపి, బిల్లింగ్‌ను పని మధ్యలో కావాలనే ఆపి చూడండి. మళ్ళీ లేపాక బిల్లులు లెక్కపెట్టి, లెక్క తప్పితే ఆ లాగ్ ఇక్కడ పెట్టండి, కలిసి చూద్దాం.