ఊపిరితిత్తిలో ఒక భాగం తీసేస్తామంటున్నారు, ఏం చేయను?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ఎన్నాళ్లుగానో దగ్గు, కఫం, అప్పుడప్పుడు అందులో రక్తం. టీబీ కాదు, దానికి చుట్టంలాంటి క్రిములతో వచ్చే ఎన్‌టీఎం అనే జబ్బు అన్నారు. ఏడాదిన్నరగా మూడు రకాల మందులు వాడుతున్నా కఫం కల్చర్ (క్రిములు పెరుగుతున్నాయేమో చూసే పరీక్ష) పాజిటివ్‌గానే వస్తోంది. కుడి ఊపిరితిత్తిలో మధ్య భాగం తీసేయాలంటున్నారు. మావారు వెంటనే చేయించుకోమంటారు, అన్నయ్య వద్దంటే వద్దంటాడు. డిగ్రీ చదివే మా అమ్మాయికి అసలేమీ చెప్పలేదు, అంటుకుంటుందేమోనని కంచం, గ్లాసు మాత్రం వేరు పెట్టుకున్నాను. భయంగా ఉంది, నిద్ర పట్టడం లేదు.

జవాబు: మీవారేమన్నారో రాశారు, అన్నయ్యేమన్నారో రాశారు, మీకేమనిపిస్తోందో మాత్రం చివర్లో ‘భయంగా ఉంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. ఆపరేషన్ జరిగేది మీకండీ. వాళ్లిద్దరిలో ఎవరు గెలుస్తారా అని మీరు ఎదురుచూడటం నాకేం నచ్చలేదు.

నిజానికి ఇద్దరూ సగం సగం కరెక్టే. కుడి ఊపిరితిత్తిలో మూడు భాగాలుంటాయి, మధ్యది వాటిలో చిన్నది. బాగా పాడైపోయిన చోటికి మందు సరిగా చేరదు, క్రిములు అక్కడే దాక్కుంటాయి, ఆ భాగం వల్ల ఊపిరికి పెద్దగా ఉపయోగమూ ఉండదు. అందుకే జబ్బు ఒకచోటే ఉండి మందులకు లొంగనప్పుడు తీసేద్దామంటారు. తీసింది మళ్లీ పెరగదు కానీ మిగతా భాగాలు సాగి ఆ ఖాళీని చాలావరకు సర్దుకుంటాయి. ఇక అన్నయ్య భయం: గాలి లీకవడం, రక్తస్రావం, న్యుమోనియా, అరుదుగా కుట్టువేసిన శ్వాసనాళం విచ్చుకోవడం, ఇవన్నీ ఉన్న రిస్కులే. పైగా ఆపరేషన్ అయ్యాక కూడా మందులు నెలల తరబడి వాడాలి, ఈ క్రిములు మట్టిలో, నీళ్లలో ఉంటాయి కాబట్టి మళ్లీ కొత్తగా సోకదన్న గ్యారంటీ కూడా లేదు. ఈ సంగతి మీవారికి ఎవరైనా చెప్పారా?

ఈసారి సర్జన్ దగ్గరికి ఇద్దరినీ తీసుకెళ్లండి, మాట్లాడేది మాత్రం మీరే. ఇన్ఫెక్షన్ కేసుల్లో చాలాసార్లు ఊపిరితిత్తి ఛాతీ గోడకు అతుక్కుపోయి ఉంటుంది, ఆపరేషన్ కష్టమవుతుంది, కాబట్టి క్యాన్సర్‌వి కాకుండా ఇలాంటివి ఎన్ని చేశారని మొహమాటపడకుండా అడగండి. సీటీలో మిగతా భాగాలు శుభ్రంగా ఉన్నాయా, శ్వాస పరీక్షలు చూస్తే ఆ భాగం తీసేశాక నాకు ఎంత ఊపిరి మిగులుతుంది, చిన్న రంధ్రాలతో చేస్తారా లేక ఛాతీ తెరవాలా, నొప్పికి ఏం ఇస్తారు, ఇవీ అడగండి. వద్దనుకుంటే ఏమవుతుందో కూడా అడగాల్సిందే: పీల్చే అమికాసిన్ లాంటి మందు నాకు పనికొస్తుందా, జబ్బు పక్క భాగాలకు పాకే అవకాశం ఎంత అని. అప్పటికీ మనసు కుదుటపడకపోతే, ఈ జబ్బుకే వైద్యం చేసే ఇంకో డాక్టరుకు రిపోర్టులు చూపించండి. మొదటి డాక్టరు ఏమనుకుంటారో అని ఆగకండి, మంచి డాక్టర్లు దాన్ని తప్పుగా తీసుకోరు. తర్వాత చేయించుకుంటారో లేదో మీ నోటితో మీరే చెప్పండి.

ఈలోగా బరువు తగ్గకుండా చూసుకోండి, ఈ జబ్బులో చాలామంది చిక్కిపోతారు, బలం లేని ఒంటికి ఆపరేషన్ తర్వాత కోలుకోవడం కష్టం. నడక, శ్వాస వ్యాయామాలు ఇప్పటినుంచే ఫిజియోథెరపిస్ట్ దగ్గర నేర్చుకోండి. ఇంట్లో సిగరెట్ ఉంటే అది బయటికి పోవాల్సిందే. నిద్ర మాత్రలు సొంతంగా వేసుకోవద్దు, కొన్నిటితో శ్వాస మందగిస్తుంది, డాక్టరుకు చెప్పండి.

కంచం, గ్లాసు మళ్లీ కలిపేయండి. ఎన్‌టీఎం సాధారణంగా మనిషి నుంచి మనిషికి అంటుకోదు. ఈ వారంలోనే అమ్మాయిని కూర్చోబెట్టి అన్నీ చెప్పండి. మీ దగ్గు వింటోంది, వేరు కంచం చూస్తోంది, డిగ్రీ చదివే పిల్లకు ఏదో ఉందని తెలియకుండా ఉంటుందా? ఏం ఊహించుకుని హడలిపోతోందో!

ఒక్కటి మాత్రం ఎవరి నిర్ణయం కోసమూ ఆపకండి. కఫంలో రక్తం ఎప్పటికంటే ఎక్కువగా పడినా, ఊపిరి అందకపోయినా, అర్ధరాత్రయినా సరే నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లిపోండి.